ఆర్ట్ స్పీగెల్‌మన్

ఆర్ట్ స్పీగెల్‌మన్ (జననం: ఫిబ్రవరి 15, 1948) ప్రసిద్ధ అమెరికన్ కార్టూనిస్టు, సంపాదకుడు. నాజీల యూదు మారణకాండ నుండి బ్రతికి బయటపడిన తండ్రి కథను బొమ్మలలో చెప్పిన 'మౌస్' అను గ్రాఫిక్ నవల ఈయనకు ప్రపంచఖ్యాతి తెచ్చింది. దీనికి 1992లో ప్రత్యేక పులిట్జర్ పురస్కారము లభించింది. ఒక గ్రాఫిక్ నవల ఆ గౌరవము పొందుట అదే ప్రథమము.

బాల్యము

స్పీగెల్‌మన్ స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో జన్మించాడు. తల్లిదండ్రులు ఆన్యా, వ్లాడెక్ పోలండు యూదులు. ఇద్దరూ ఆష్విట్జ్ నిర్బంధ శిబిరము నుండి ప్రాణాలతో బయటపడినవారే. ఈయన పుట్టకముందే అన్న యుద్ధకాలంలో మరణించాడు. పిల్లలు నాజీల చేత చిక్కరాదని, వారిని సాకుతున్న ఆన్యా సోదరి వారికి విషమిచ్చి తానూ ప్రాణము తీసుకొన్నది. ఈ కుటుంబము 1951లో అమెరికా చేరి, పిమ్మట న్యూయార్క్ నగరంలో స్థిరపడింది. కొడుకు దంతవైద్యుడు కావాలని తల్లిదండ్రులు ఆశించగా, ఆయన 'మ్యాడ్' పత్రికను చూసి బొమ్మలు గీయుట నేర్చుకొన్నాడు. 1968లో మానసిక చికిత్సాలయము నుండి ఇల్లు చేరిన కొద్దికాలానికే తల్లి ఆత్మహత్య చేసుకొన్నది.

ప్రభావాలు

'మ్యాడ్' సంపాదకుడు హార్వీ కర్ట్జ్‌మన్ ప్రభావము ఈయనపై అందరికన్నా ఎక్కువ. బెర్నార్డ్ క్రిగ్‌స్టీన్ 1955లో గీసిన 'మాస్టర్ రేస్' అను చిన్న కథను, బెల్జియం కళాకారుడు ఫ్రాన్స్ మాసెరీల్ మాటలు లేకుండా కొయ్య అచ్చులతో చెప్పిన కథలను ఈయన శ్రద్ధగా పరిశీలించాడు. సొంత జీవితాన్ని దాపరికము లేకుండా గీయవచ్చునని చూపినవాడు మిత్రుడు జస్టిన్ గ్రీన్. తల్లి మరణము గురించిన నాలుగు పుటల కథ ఆ ధైర్యముతో వచ్చినదే.

చలనచిత్రకారుడు కెన్ జేకబ్స్ ఒక ఉపన్యాసంలో తొలినాటి మిక్కీ మౌస్‌కు, నల్లజాతివారిని వెక్కిరించే వేషాలకు గల పోలికను చూపాడు. దానితో పిల్లులు తెల్లవారుగా, ఎలుకలు నల్లవారుగా కథ చెప్పాలని స్పీగెల్‌మన్ తలచాడు. కాని ఆ జీవితము తనకు తెలియనిది. నాజీల ప్రచారము యూదులను ఎలుకలతో పోల్చేదన్న సంగతి ఆ పోలికను స్వంత ఇంటివైపు మళ్ళించింది. ఆ విధంగా 1972లో మూడు పుటల తొలి 'మౌస్' వెలువడింది.

మౌస్

భార్య ఫ్రాన్స్వాజ్ మూలీతో కలిసి 1980లో 'రా' పత్రికను స్థాపించి, అందులో దీర్ఘమైన 'మౌస్'ను ధారావాహికగా ప్రచురించాడు. సంపుటాలు 1986లోను, 1991లోను వచ్చాయి. ఇందులో యూదులు ఎలుకలు, జర్మన్లు పిల్లులు, పోలండువారు పందులు. ఆఖరిది పోలండులో తీవ్ర అభ్యంతరాలకు కారణమైంది. తండ్రిని ఈయన దేవుణ్ణి చేయలేదు. వ్లాడెక్ పిసినారి, ఇంట్లోవారిని వేధించేవాడు. భార్య దినచర్య పుస్తకాలను తగులబెట్టాడని తెలిసి కొడుకు హంతకుడని నిందిస్తాడు. గ్రంథము విలువ చాలవరకు ఈ నిజాయితీలోనే ఉన్నది. తండ్రి 1982లోనే మరణించినందున పుస్తకరూపాన్ని చూడలేదు. న్యూయార్క్ టైమ్స్ రెండవ సంపుటిని కల్పనా సాహిత్యపు జాబితాలో చేర్చగా, స్పీగెల్‌మన్ అభ్యంతరము తెలిపి మార్పించాడు.

తరువాతి కృషి

1992 నుండి సుమారు పదేళ్ళు 'న్యూయార్కర్'కు పనిచేశాడు. 2001 సెప్టెంబరు దాడుల తరువాత నలుపుపై నలుపుగా జంట భవనాలను చూపిన ముఖచిత్రము మూలీతో కలిసి రూపొందించినదే. ఆ దాడులపై 2004లో 'ఇన్ ద షాడో ఆఫ్ నో టవర్స్' ప్రచురించాడు. 2022 జనవరిలో టెనెసీ రాష్ట్రంలోని మెక్‌మిన్ కౌంటీ పాఠశాలల బోర్డు, అసభ్య పదాలు, ఒక నగ్నచిత్రము ఉన్నవని 'మౌస్'ను ఎనిమిదవ తరగతి పాఠ్యాంశాల నుండి తొలగించింది. ఆ వార్త వెలువడిన కొద్దిరోజులకే ఈ పుస్తకము అమెరికాలో అత్యధికంగా అమ్ముడైనవాటి సరసన చేరింది.