ఇంగ్లీషు ‘టైమ్’కు స్పానిష్ మాటలు

ఇంగ్లీషు నామవాచకాలన్నింటిలోకీ ఎక్కువ వాడుకలో ఉన్నది ‘టైమ్’. వంద కోట్లకు పైగా మాటలున్న తమ భాషా సంచయాన్ని పరిశీలించి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల సంపాదకులు 2006లో ఈ సంగతి వెల్లడించారు. ఇంత వాడుక ఉన్న ఈ మాటకు స్పానిష్‌లో ఒకే సమానార్థకం లేదు. సందర్భాన్ని బట్టి ‘తియెంపో’, ‘ఓరా’, ‘బెస్’ అనే మూడింటిలో ఒకటి ఎంచుకోవాలి. ‘రాతో’, ‘ఎపొకా’, ‘ప్లాసో’, ‘మొమెంతో’ లాంటివి వీటి పక్కన నిలబడతాయి. కొన్ని నుడికారాల్లో వీటిలో ఏదీ పనికిరాదు. ఇంగ్లీషు నుంచి స్పానిష్‌లోకి వెళ్లే విద్యార్థులు చాలామంది మొదట తడబడేది ఇక్కడే.

ఈ వ్యాసంలో స్పానిష్ మాటలను పలికే తీరులో రాశాం. ఆ భాషలో ‘టి’ మన ‘త’లాగే దంత్యం. ‘హెచ్’ పలకదు. ‘వి’, ‘బి’ అక్షరాలకు ధ్వని ఒకటే. అందుకే ‘వి’తో రాసే మాట ‘బెస్’ అని వినిపిస్తుంది. స్పెయిన్‌లో చాలాచోట్ల దాన్నే ‘బెథ్’ అంటారు.

మూడు ప్రధాన పదాలు

మూడూ లాటిన్ సంతతివే. ‘తెంపుస్’ నుంచి తియెంపో వచ్చింది. ఇది గడిచిపోయే కాలం, చేతిలో ఉన్న లేదా లేని సమయం. ‘నో తెంగో తియెంపో’ అంటే నాకు టైము లేదు. సమయం వృథా చేయడం ‘పెర్దెర్ ఎల్ తియెంపో’, ఏదో ఒకటి చేసి పొద్దుపుచ్చడం ‘మతార్ ఎల్ తియెంపో’. ఇక్కడ ఇంగ్లీషూ స్పానిషూ ఒకే దారిలో నడుస్తాయి కాబట్టి చిక్కేమీ లేదు.

‘ఓరా’ గడియారానికి చెందింది. టైమెంత అని అడగాలంటే ‘కె ఓరా ఎస్?’ అనాలి. ఒంటిగంట అయితే జవాబు ఏకవచనంలో ‘ఎస్ లా ఊనా’, రెండు మొదలుకొని బహువచనంలో ‘సోన్ లాస్ దోస్’. లాటిన్ అమెరికాలో చాలామంది ప్రశ్నను కూడా బహువచనంలోనే ‘కె ఓరాస్ సోన్?’ అని వేస్తారు. ‘ఎన్ని గంటలైంది?’ అని అడిగే మనకు ఇందులో వింత ఉండదు. ఏదైనా పనికి నియమితమైన వేళ కూడా ఓరాయే. భోజనాల వేళ ‘ఓరా దే కొమేర్’.

మూడోది ‘బెస్’. లాటిన్‌లో వంతు, మార్పిడి అనే అర్థమున్న మాట నుంచి పుట్టింది. ఒక పని ఎన్నిసార్లు జరిగిందో లెక్కపెట్టడానికి స్పానిష్ దీన్ని వాడుతుంది. మొదటిసారి ‘లా ప్రిమేరా బెస్’, మూడుసార్లు ‘త్రెస్ బేసెస్’. ఇంగ్లీషు అలవాటుతో దీన్ని ‘త్రెస్ తియెంపోస్’ అన్నామా, అర్థం ఎటో వెళ్లిపోతుంది. తియెంపో బహువచనానికి అంకె తగిలితే అది వ్యాకరణంలో కాలాలు కావచ్చు, సంగీతంలో లయ విభాగాలు కావచ్చు, ఇంజిన్‌లో స్ట్రోకులు కావచ్చు. ‘మొతోర్ దే క్వాత్రో తియెంపోస్’ అంటే ఫోర్ స్ట్రోక్ ఇంజిన్.

తెలుగు తెలిసినవాళ్లకు ఈ విభజన కొత్త కాదు. కాలం, గంట, సారి అని మనం మూడింటినీ ఎప్పుడో వేరు చేసుకున్నాం. ‘మూడు కాలాలు వెళ్లాను’ అని తెలుగులో ఎవరూ అనరు. ఆ తప్పు స్పానిష్‌లో చేస్తున్నామంటే కారణం మధ్యలో ఇంగ్లీషు నిలబడడమే.

బెస్ కుటుంబం

మూడింటిలో అనువాదకుడు ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది బెస్ మీద. చిన్న మాటే అయినా చాలా పదబంధాలను మోస్తుంది. అప్పుడప్పుడు ‘ఆ బేసెస్’, చాలాసార్లు ‘ముచాస్ బేసెస్’, అరుదుగా ‘రారా బెస్’, మళ్లీ ‘ఓత్రా బెస్’, ఒకేసారి ‘ఆ లా బెస్’, అంతకంతకూ ‘కాదా బెస్ మాస్’. బహుశా అనడానికి ‘తాల్ బెస్’, బదులుగా అనడానికి ‘ఎన్ బెస్ దే’. వీటిలో చాలావాటికి ఇంగ్లీషులో టైమ్ ఊసే ఉండదు. అంటే లెక్క రెండు వైపులా తప్పుతుంది. ఇంగ్లీషు టైమ్ అంతా తియెంపో కాదు, స్పానిష్ బెస్ అంతా టైమ్ కాదు.

పిల్లల కథల్లో ‘అనగనగా’కు స్పానిష్ రూపం ‘ఏరాసె ఊనా బెస్’. లాటిన్ అమెరికాలో ‘అబీయా ఊనా బెస్’ బాగా వినిపిస్తుంది. ఇంగ్లీషు కథ టైమ్ అనే మాటతో మొదలైతే స్పానిష్ కథ ‘ఒకసారి’ అని మొదలవుతుంది.

గుణకారంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఇంగ్లీషు ఎక్కాల్లో వచ్చే టైమ్స్‌ను స్పానిష్ ‘పోర్’ అంటుంది. ‘త్రెస్ పోర్ క్వాత్రో, దోసె’ అంటే మూడు నాలుగులు పన్నెండు. పరిమాణాన్ని పోల్చేటప్పుడు మళ్లీ బెస్ వస్తుంది. మూడు రెట్లు పెద్దదాన్ని ‘త్రెస్ బేసెస్ మయోర్’ అంటారు. ఇది మూడింతలా, ఉన్నదానికి అదనంగా మూడింతలా అని సందేహం పుట్టే చోట, ముఖ్యంగా ఆర్థిక, శాస్త్ర వ్యాసాల్లో, ‘ఎల్ త్రీప్లె’ అని రాయడమే మంచిది. మూడింతలని అందులో స్పష్టంగా తేలుతుంది.

వాతావరణం కూడా తియెంపోయే

స్పానిష్ నుంచి ఇంగ్లీషుకు వచ్చేవాళ్లకు మరో మలుపు ఎదురవుతుంది. తియెంపో అంటే వాతావరణం కూడా. ‘కె తియెంపో ఆసె?’ అంటే వాతావరణం ఎలా ఉంది అని. ‘క్వాంతో తియెంపో ఆసె?’ అంటే ఎంతకాలమైంది అని. నామవాచకం అదే, క్రియ అదే, ప్రశ్నార్థకం ఒక్కటే మారింది. ‘ఆల్ మాల్ తియెంపో, బ్వేనా కారా’ అనే సామెతలో ఉన్నది చెడ్డ వాతావరణమే. దానికి మంచి ముఖం చూపించమంటుంది, అంటే కష్టం వచ్చినప్పుడు నిబ్బరంగా ఉండమని. దీన్ని అనువదించేవారు వానగాలిని ఉంచాలా కష్టకాలాన్ని ఉంచాలా అనేది చుట్టూ ఉన్న వాక్యాలే తేల్చాలి.

రాతో, ఎపొకా, ప్లాసో

‘రాతో’ మన ‘కాసేపు’. లాగుకోవడం అనే అర్థమున్న లాటిన్ మాటకు ఇది వారసుడు. గంటలతో కొలవని కొద్దిపాటి వ్యవధికి ఇంతకంటే తగిన స్పానిష్ మాట లేదు. ఇంగ్లీషు రచయిత అదే సందర్భంలో టైమ్ అని రాసి ఉంటే తియెంపో అనువాదం తప్పు కాదు గానీ చప్పగా ఉంటుంది. ‘ఎపొకా’ అంటే ‘ఆ రోజుల్లో’ అనే అర్థమిచ్చే యుగం, దశ. ‘ప్లాసో’ అంటే గడువు. ఇదే మాటను బహువచనంలో పెట్టి ‘ఆ ప్లాసోస్’ అంటే వాయిదాల మీద కొనడం. ఒప్పంద పత్రాల్లో డెలివరీ టైమ్‌ను ‘ప్లాసో దే ఎంత్రేగా’ అనే రాస్తారు.

సంగీతంలో టైమ్ ‘కొంపాస్’ అవుతుంది. జైల్లో శిక్ష అనుభవించడాన్ని ఇంగ్లీషు వాడుకలో టైమ్‌తోనే చెబుతారు. స్పానిష్‌లో అది ‘కుంప్లీర్ కొందేనా’, అంటే శిక్షను పూర్తి చేయడం.

నుడికారాలు

సమయమంటే డబ్బే అన్న ఇంగ్లీషు నానుడి బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1748లో ఓ యువ వర్తకుడికి రాసిన హితోపదేశంలో కనిపిస్తుంది. స్పానిష్ వాళ్లు దాన్ని ‘ఎల్ తియెంపో ఎస్ ఓరో’ అంటారు, అంటే సమయం బంగారం. స్పానిష్ పాఠకుడికి అలవాటైన రూపం ఇదే కనుక డబ్బు అనే మాటను యథాతథంగా పెట్టడానికి కారణం లేదు.

సకాలంలో రావడం, చెప్పిన టైముకు రావడం ఇంగ్లీషులో వేరువేరు. విభక్తిలా పనిచేసే చిన్న పదం మారితే చాలు, అర్థం మారుతుంది. స్పానిష్‌లో ‘ఆ తియెంపో’ మొదటిదానికి సరిగ్గా సరిపోతుంది. రెండోదానికి ‘పుంతువాల్’ అనో ‘ఆ లా ఓరా’ అనో రాస్తే తేడా నిలుస్తుంది. రైళ్ల గురించీ ఆస్పత్రుల గురించీ రాసేటప్పుడు ఈ తేడా చిన్నది కాదు. రోగిని సకాలంలో చేర్చడం వేరు, అపాయింట్‌మెంట్ వేళకు తీసుకెళ్లడం వేరు.

ఇన్నాళ్లకు జరిగింది కదా అన్న నిట్టూర్పుకు ‘యా ఎరా ఓరా!’. ఇంగ్లీషులో ఇది వర్తమానం, స్పానిష్‌లో భూతకాల రూపం. ఇక చేయాల్సిన వేళయింది అని చెప్పేటప్పుడు ‘యా ఎస్ ఓరా దే కె’ తర్వాత వచ్చే క్రియ సంభావనార్థకంలో ఉండాలి. ఇది మరిచిన వాక్యాన్ని స్పానిష్ చెవి వెంటనే పట్టేస్తుంది.

హాయిగా గడపడం అనే ఇంగ్లీషు నుడిలో టైమ్ ఉంటుంది. స్పెయిన్‌లో అది ‘పసార్లో బియెన్’, లాటిన్ అమెరికాలో ఎక్కువగా ‘పసార్లా బియెన్’. రెండింటిలోనూ కాలాన్ని సూచించే నామవాచకం లేదు. అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో స్పానిష్ మాట్లాడేవాళ్ల నోట ‘తెనేర్ ఉన్ బ్వెన్ తియెంపో’ అనే ఇంగ్లీషు అచ్చు వినిపిస్తుంది. ప్రామాణిక స్పానిష్ చెవికి అది మంచి వాతావరణం దొరికిందన్నట్టుంటుంది.

చిటికెలో అన్న అర్థానికి స్పానిష్‌లో ‘ఎన్ ఉన్ సంతియమేన్’ అని ఒక అందమైన పలుకుబడి ఉంది. క్రైస్తవ ప్రార్థనలో శిలువ గుర్తు వేసుకుంటూ లాటిన్‌లో చెప్పే ‘స్పిరితుస్ సాంక్తి, ఆమెన్’ అన్న చివరి మాటలు కలిసిపోయి ఈ పదమైంది. ఆ మాటలు పూర్తయ్యేంతలో పని అయిపోయిందని భావం. దీనికి జంటగా ‘ఎన్ ఉన్ అబ్రీర్ ఇ సెర్రార్ దే ఓహోస్’ కూడా ఉంది. కళ్లు తెరిచి మూసేంతలో అని అర్థం. అచ్చంగా మన రెప్పపాటే.

మూడోసారి కలిసొస్తుందనే ఇంగ్లీషు మాటకు ‘ఆ లా తెర్సేరా బా లా బెన్సీదా’ సరిపోతుంది. దీన్ని మాటకు మాట తెలుగు చేయబోతే కుదరదు. మూడో దెబ్బకు గెలుపు అన్న భావాన్నే తీసుకోవాలి. ఇక ‘లా ఓరా దే లా బెర్దాద్’, అంటే సత్యం తేలే గంట. ఇది ఎద్దుల పోరులో మతదోర్ చివరి వేటు వేసే క్షణానికి సంబంధించిన మాట. ఇలాంటి పలుకుబడి ఇంగ్లీషులో పాతుకుపోవడానికి హెమింగ్వే 1932లో ఎద్దుల పోరుపై రాసిన ‘డెత్ ఇన్ ది ఆఫ్టర్‌నూన్’ దోహదం చేసింది. స్పానిష్ నుంచి ఇంగ్లీషుకు వెళ్లిన ఈ నుడిని తిరిగి స్పానిష్‌లోకి తెచ్చేటప్పుడు పుట్టింటి రూపాన్నే వాడాలి.

దేశాన్ని బట్టి మార్పులు

ఇరవై దేశాల్లో అధికార భాష అయిన స్పానిష్‌లో ఒకే మాట అంతటా చెల్లదు. టైమ్‌బాంబు స్పెయిన్‌లో ‘బోంబా దే రెలొహెరీయా’, అంటే గడియారపు పనితనం ఉన్న బాంబు. అమెరికా ఖండంలో ‘బోంబా దే తియెంపో’. ఫుట్‌బాల్ అదనపు సమయాన్ని స్పెయిన్ ‘ప్రోర్రోగా’ అంటే, అర్జెంటీనా అభిమానులు ‘అలార్గె’ అంటారు. బాస్కెట్‌బాల్ టైమవుట్ స్పెయిన్‌లో ‘తియెంపో మ్వెర్తో’, మృత సమయం. సగం పూట ఉద్యోగం ‘మేదియా హోర్నాదా’.

కాలమండలానికి స్పానిష్ పేరు ‘ఊసో ఒరారియో’. ఊసో అంటే నూలు వడికే కదురు. రెండు ధ్రువాల దగ్గర సన్నబడి మధ్యలో ఉబ్బిన భూగోళపు ముక్క నూలు చుట్టిన కదురులా ఉంటుందని ఆ పేరు. 1940 నుంచి స్పెయిన్ ప్రధాన భూభాగం మధ్య ఐరోపా సమయాన్ని పాటిస్తోంది. కానరీ దీవులు ఒక గంట వెనక ఉంటాయి. అందుకే స్పెయిన్ రేడియోలో వేళ చెప్పిన ప్రతిసారీ ‘ఊనా ఓరా మేనోస్ ఎన్ కనారియాస్’ అని జోడిస్తారు. ఆ మాట తెలియని స్పెయిన్ వాసి ఉండరు.

సాహిత్య అనువాదాల్లో

గార్సియా మార్కెస్ 1985లో వెలువరించిన ‘ఎల్ అమోర్ ఎన్ లోస్ తియెంపోస్ దెల్ కోలెరా’ శీర్షికలో తియెంపో బహువచనంలో ఉంది. ఎడిత్ గ్రాస్‌మన్ 1988 ఇంగ్లీషు అనువాదంలో అది ఏకవచనమైంది. రెండు భాషల సహజత్వానికీ అదే సరైనది. చార్లీ చాప్లిన్ 1936 నాటి ‘మోడరన్ టైమ్స్’ మాత్రం ‘తియెంపోస్ మొదెర్నోస్’గా బహువచనంలోనే సాగింది.

ఇంతకంటే విలువైన ఉదాహరణ ప్రూస్త్ ఫ్రెంచి మహానవల. దాని పేరులోని మాటకు పోగొట్టుకున్న కాలం, వృథా చేసిన కాలం అని రెండర్థాలున్నాయి. స్కాట్ మాన్‌క్రీఫ్ 1922లో మొదలుపెట్టిన ఇంగ్లీషు అనువాదం పేరులో టైమ్ అనే మాటే లేదు. మొదటి సంపుటాన్ని 1920లోనే స్పానిష్ చేసిన కవి పెద్రో సలీనాస్‌కు ఆ ఇబ్బంది రాలేదు. స్పానిష్ ‘తియెంపో పెర్దీదో’ రెండర్థాలనూ దానంతటదే పట్టుకుంటుంది.

నిఘంటువుల సాయం

రిచర్డ్ పెర్సివాల్ 1591లో లండన్‌లో అచ్చువేసిన స్పానిష్ నిఘంటువుకు జాన్ మిన్‌షూ 1599లో ఇంగ్లీషు నుంచి స్పానిష్‌కు వెళ్లే భాగాన్ని చేర్చాడు. మాద్రిద్‌లో 1713లో ఏర్పడిన రాయల్ స్పానిష్ అకాడమీ తొలి నిఘంటువు 1726 నుంచి 1739 దాకా ఆరు సంపుటాలుగా వచ్చింది. దేశదేశాల వాడుకల్లో సందేహాలు తీర్చేందుకు భాషా అకాడమీలన్నీ కలిసి 2005లో ప్రచురించిన సందేహ నివృత్తి నిఘంటువు అనువాదకుల బల్ల మీద ఉండదగ్గది.

హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో స్పానిష్ బోధన ఉంది. అక్కడా మరెక్కడైనా స్పానిష్ చదువుకునే తెలుగు విద్యార్థులు ఇంగ్లీషు వాక్యంలో టైమ్ కనిపించగానే దాన్ని ఒకసారి తెలుగులో అనుకోవాలి. ‘సారి’ వస్తే బెస్, ‘గంట’, ‘వేళ’ వస్తే ఓరా, ‘కాసేపు’ వస్తే రాతో, ‘గడువు’ వస్తే ప్లాసో రాయండి. వీటిలో ఏదీ రాకపోతే అప్పుడు తియెంపో సంగతి చూడండి.