వీథిబడులలో పదశిక్షణము

మన వీథిబడుల చరిత్ర వ్రాయువారు వల్లెవేయు పద్ధతిని నిందించుటతోనే తృప్తి నొందుచుందురు. ఆ నింద యెంతవఱకు న్యాయమో పరిశీలింపవలసియున్నది.

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో దేశీయ విద్యాస్థితిని గూర్చి కలెక్టరులనుండి వివరములు కోరెను. బళ్లారి కలెక్టరు క్యాంబెల్ 1823లో పంపిన నివేదికలో 533 పాఠశాలలు, 6,641 మంది విద్యార్థులు లెక్కకు వచ్చిరి. పెద్దపిల్లలచే చిన్నవారికి పాఠము చెప్పించు పద్ధతిని ఆయన శ్లాఘించెను. కాని, తెలుగు కన్నడ పద్యముల భాష వాడుకకు దూరమనియు, బాలురు అర్థ మెఱుగకయే వల్లించుచున్నారనియు ఆక్షేపించెను.

ఈ ఆక్షేపణము సత్యమే. అయినను దోషము వల్లించుటయందే కలదా? తెలుగునాట తరతరముల బాలురు కంఠస్థము చేసిన అమరకోశమును చూడుడు. అందు పదములు అకారాదిక్రమమున గాక స్వర్గము, భూమి, పురము, వనౌషధులు మున్నగు వర్గములుగా కూర్పబడినవి. సంబంధముగల పదముల నొకచోట చేర్చి, ఛందస్సుతో చెవి కందించుట చక్కని బోధనోపాయము. కొఱవడినది సంభాషణము. నేర్చిన పదమును సొంత వాక్యమున పలుకు నవకాశము బాలునికి లేకపోయెను.

తొమ్మిది దశాబ్దముల పిదప, 1914లో గురజాడ అప్పారావు తన అసమ్మతి పత్రమునందు గ్రంథభాషకును వాడుకభాషకును గల దూరమునే చర్చించెను. అయితే నాటి వాదము హెచ్చుగా వ్రాతభాష చుట్టును తిరిగెను. తరగతిలో బాలుని నోటిమాట వెనుకబడెను.

కావున వీథిబడినుండి త్యజింపవలసినది ధారణ కాదు, మౌనమని మా యభిప్రాయము. అర్థము వివరించి, ప్రశ్నించి, మాటాడించినచో కంఠస్థమైన పదమే జీవద్భాష కాగలదు.