అడవిలో లింకను కుటుంబము

అబ్రహాము లింకను అమెరికా దేశాధ్యక్షుడై బానిసత్వమును రూపుమాపుటకు పూనుకొనిన సంగతి శ్రోతలలో పెక్కుమంది యెఱిగినదే. ఆ కథ నేడు చెప్పబోను. ఆయన ఏడేండ్ల బాలుడై యుండగా తలిదండ్రులు నడియడవిలో ఎట్లు బ్రతికిరో, ఆ యింటికి పాలే యెట్లు మృత్యువయ్యెనో, అంతమాత్రము మనవి చేసెదను.

తండ్రి తామస్ లింకను కెంటకీ రాష్ట్రమున సేద్యము, వడ్రంగము చేయువాడు. అచట దస్తావేజులు సరిగా లేక ఒక్క నేలకే ఇద్దఱు ముగ్గురు హక్కుదారులు బయలుదేరుచుండిరి. వ్యాజ్యములో నేల పోవుట యెట్టి బాధయో మన పల్లెలవారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. బానిసల పద్ధతియు ఆయనకు సరిపడలేదు. కావున 1816వ సంవత్సరపు తుదిని భార్య నాన్సీతోను, కుమార్తె సారా, కుమారుడు అబ్రహాములతోను ఒహైయో నది దాటి ఇండియానాకు వచ్చెను. అక్కడ ప్రభుత్వమే నేలను కొలిపించి ఎకరము 2 డాలర్ల చొప్పున అమ్ముచుండెను. అయితే అది యెవరిదియు కాని నేలయని తలపరాదు. డెలావేర్, పియంకషా తెగలవారినుండి 1804లో ఒడంబడిక పేరిట ప్రభుత్వము రాబట్టినది.

దుంగలను ఒకదానిపై నొకటి పేర్చి, సందులలో మన్ను మెత్తి యిల్లు కట్టిరి. అడుగున మట్టినేలయే. పిల్లవాని పడక అటకమీద. గోడలో దిగగొట్టిన కొయ్యచీలలే నిచ్చెన. వచ్చిన నాడే బాలుని చేతికి గొడ్డలి నిచ్చిరనియు, ఇరువదిమూడవ యేడు వచ్చువఱకు అది తన చేతిని వీడలేదనియు లింకనే పిమ్మట వ్రాసికొనెను. ఎనిమిదేండ్లు నిండకమునుపే గోడసందునుండి ఒక అడవి టర్కీకోడిని కాల్చెనట. అంతకంటె పెద్ద జంతువుపై మఱెన్నడును తుపాకి పేల్చలేదట.

అడవిలో బీడు లేదు. పశువులను చెట్లలోనికి తోలవలసినదే. వేసవి తుదిని గడ్డి యెండగా అవి నీడపట్టున పెరుగు ఒక తెల్లపూల మొక్కను మేయును. దాని విషము పశువును గజగజ వణకించి పడవేయును. పాడియావు మాత్రము పైకి బాగుగనే యుండవచ్చును, విషము పాలలోనికి దిగిపోవును గనుక! వానలేక వాడిన లేత జొన్నపైరు మేసి పశువు కూలుట మనము చూచినదే. కాని అది మేసిన పశువుతో పోవును. ఇది పాలు త్రాగిన బిడ్డలవఱకు వచ్చును.

1818లో ఆ రోగము ఆ తావున ప్రవేశించెను. నాన్సీ పినతల్లియు, ఆమె భర్తయు మొదట పోయిరి. అక్టోబరు 5వ తేదీని నాన్సీ కన్నుమూసెను. ఆమెకు 34 ఏండ్లు. భర్తయే పలకలు కోసి శవపేటిక చేసెను; దాని కొయ్యచీలలు బాలుడు చెక్కెనని చెప్పుదురు. కీడు పాలలో నున్నదని జనులెఱుగుదురు, అందుచే పాలరోగమనిరి. కొందఱు సేద్యగాండ్రు ఆ మొక్కనే అనుమానించి చెప్పినను చదువుకొన్నవారు చెవినిబెట్టలేదు. వ్యవసాయశాఖ శాస్త్రజ్ఞుడు ఆ విషమును వేఱుచేసి ప్రకటించినది 1928లో!

పండ్రెండేండ్లయినను నిండని సారాయే వంటయు ఇల్లును చూచుకొనెను. 1819 డిసెంబరులో తండ్రి కెంటకీకి పోయి ముగ్గురు బిడ్డలు గల యొక వితంతువును పెండ్లాడి తెచ్చెను. సవతితల్లి యనగానే మన కథలలో గయ్యాళియే. ఈమె అట్టిది కాదు. మట్టినేలపై పలకలు పఱపించెను. తనకు చదువు రాకున్నను కొన్ని పుస్తకములు వెంట తెచ్చెను. లింకను బడికి పోయిన దినములన్నియు కూడినను ఒక యేడు కాదు. చిరకాలము బడిపంతులుగా నున్న నాకు ఇది కొంచెము చిన్నతనమే. ఏమి చేయుదును, నిజము!

1861లో అధ్యక్షపదవి స్వీకరింప బయలుదేరుటకు ముందు ఆయన ఇల్లినాయిస్‌లోనున్న ఆ సవతితల్లిని చూచి వచ్చెను. కన్నతల్లి మాత్రము ఇండియానా అడవిలోనే యున్నది. ఆమె సమాధిపై పేరు చెక్కిన రాతిని 1879లో నిలిపిరి.