టెట్రిస్ గేమ్ బాయ్‌లోకి ఎట్లా వచ్చింది

మన కర్ణాటక జాతరల్లో ఒకప్పుడు "9999 ఇన్ 1" అని రాసిన బ్రిక్ గేమ్ డబ్బాలు అమ్మేవాళ్లు. మీ ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది. ఎన్ని వేల ఆటలని రాసినా అందరూ ఆడింది ఒక్కటే: పైనుంచి ముక్కలు రాలతాయి, వరుస నిండితే మాయమవుతుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ చదివిన మాకు ఆ ఆటను ఎవరూ చదివి చెప్పాల్సిన పని పడలేదు. అందులో భాషే లేదు మరి.

ఆ ఆట టెట్రిస్. 1984లో మాస్కోలో, సోవియట్ సైన్స్ అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో అలెక్సీ పజిత్నోవ్ రాశాడు. ఆయన వాడిన ఎలక్ట్రోనికా 60లో బొమ్మలు గీసే వీలు లేదు. బ్రాకెట్ గుర్తులు పక్కపక్కన పెట్టి ముక్కలు చేశాడు. నాలుగేసి చదరాలు, ఏడు ఆకారాలు, అంతే. ఐబీఎం పీసీకి మార్చాక ఫ్లాపీల మీద చేతులు మారి దేశం దాటింది.

దాన్ని బయటి దేశాలకు అమ్మే అధికారం ఎలోర్గ్ అనే సర్కారు సంస్థది. లండన్ వ్యాపారి రాబర్ట్ స్టైన్ తీసుకున్నది కంప్యూటర్ హక్కులు. ఆయన దగ్గర కొన్నవాళ్లేమో టీవీకి తగిలించే గేమ్ యంత్రాలకు కూడా అమ్ముకున్నారు! 1989 ఫిబ్రవరిలో హెంక్ రోజర్స్ టూరిస్టు వీసా మీద మాస్కో వెళ్లి, పిలవని పేరంటంలా ఎలోర్గ్ తలుపు తట్టాడు. నింటెండో కొత్త గేమ్ బాయ్ కోసం, చేతిలో పట్టుకునే యంత్రాల హక్కు సంపాదించాడు.

అదే రోజుల్లో ఎలోర్గ్ అధికారి నికొలాయ్ బెలికోవ్ స్టైన్ ఒప్పందంలో ఒక వాక్యం చేర్చాడు: కంప్యూటర్ అంటే ప్రాసెసర్, మానిటర్, డిస్క్ డ్రైవ్, కీబోర్డ్, ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్నది. స్టైన్ సంతకం పెట్టేశాడు. టీవీ గేమ్ యంత్రం ఆ లెక్కలోకి రాదు కదా. మార్చిలో ఆ హక్కూ నింటెండోకే పోయింది. అమెరికా కోర్టులోనూ నింటెండోదే పైచేయి అయింది. రిక్వైర్‌మెంట్ పత్రాల్లో ఒక్కో మాటకూ అర్థం ఏందని అడిగి విసిగించే మాలాంటి టెస్టర్లకు ఈ కథంతటిలో ఇదే పండగ.

గేమ్ బాయ్‌కి నాలుగు పెన్సిల్ సెల్లు, 160×144 చుక్కల తెర, నాలుగు ఛాయలు. వేగంగా కదిలే బొమ్మలు ఆ తెర మీద అలుక్కుపోయేవి. ఒక్కో ముక్కే దిగే టెట్రిస్‌కు ఆ బాధ తక్కువ. ఆట మొత్తం 32 కేబీ. అమెరికాలో డబ్బాతో పాటే ఇచ్చారు. పిల్లలకైతే మారియో చాలు, అందరూ కొనాలంటే టెట్రిస్ పెట్టమని నింటెండో వాళ్లను ఒప్పించింది రోజర్సే. గేమ్ బాయ్ టెట్రిస్ 3 కోట్లకు పైగా పోయింది.

పజిత్నోవ్‌కు అందులో వాటా లేదు. పదేళ్లపాటు హక్కును తన కేంద్రానికే రాసిచ్చాడాయన. రోజర్స్‌తో కలిసి కంపెనీ పెట్టి రాయల్టీ కళ్లజూసింది 1996లో.