డెస్క్‌టాప్ మారే వేళ ప్యాకేజీల పేచీలు: డెబియన్ 12 నుండి 13కు

లినక్స్ కంప్యూటరులో డెస్క్‌టాప్ అనేది ఒకే ఒక ప్రోగ్రాము కాదు. తెరపై కిటికీలను నిలిపేది ఒకటి, అడుగున పట్టీని చూపేది మరొకటి, సంకేతపదం అడిగే ప్రవేశ తెర వేరొకటి. వీటికి ఆధారంగా వందల సంఖ్యలో లైబ్రరీలు ఉంటాయి. ఇవన్నీ విడివిడి ప్యాకేజీలుగా వచ్చి, ఒకదానిపై ఒకటి ఆధారపడి నిలుస్తాయి. అందువల్ల డెస్క్‌టాప్‌ను కొత్త తరానికి మార్చడమంటే ఇల్లు ఖాళీ చేయకుండానే పునాది రాళ్ళు మార్చడం వంటిది. ఈ పనిలో తలెత్తే పేచీలనూ, వాటిని తీర్చే పద్ధతులనూ డెబియన్ 12 నుండి 13కు, అంటే కేడీఈ ప్లాస్మా 5.27 నుండి 6.3కు జరిగే మార్పును ఉదాహరణగా తీసుకొని ఇక్కడ వివరిస్తున్నాము. ఉబుంటు, లినక్స్ మింట్ వంటి డెబియన్ సంతతి పంపిణీలకు కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది. వ్యాసంలో తెలుగు లిపిలో రాసిన ఆదేశాలను టెర్మినల్‌లో ఆంగ్ల చిన్న అక్షరాలతో, నిర్వాహక అధికారంతో టైపు చేయవలసి ఉంటుంది.

డెబియన్ 12 (బుక్‌వర్మ్) 2023 జూన్ 10న, డెబియన్ 13 (ట్రిక్సీ) 2025 ఆగస్టు 9న విడుదలయ్యాయి. ఈ మధ్యకాలంలో, 2024 ఫిబ్రవరి 28న, కేడీఈ సంఘం ప్లాస్మా 6ను విడుదల చేసింది. దానితో క్యూటీ 5 అనే పునాది లైబ్రరీ స్థానంలో క్యూటీ 6 వచ్చింది. ఇంత పెద్ద మార్పు జరిగినా క్యూటీ 5, క్యూటీ 6 ఒకే యంత్రంలో పక్కపక్కనే ఉండగలవు. రెండింటి ఫైళ్ళకూ పేర్లు వేరు కావడమే అందుకు కారణం.

పేచీకి మూలం ఎక్కువగా పేరులోనే ఉంటుంది. 2011లో గ్నోమ్ 3 వచ్చినప్పుడు, పాత గ్నోమ్ 2 పద్ధతిని వదులుకోలేనివారు మాతే అనే డెస్క్‌టాప్‌ను ప్రారంభించారు. పాత పేర్లతోనే కొనసాగితే రెండు డెస్క్‌టాపులు ఒకే యంత్రంలో ఇమడవు. అందుకని నాటిలస్‌ను కాజా అనీ, జీఎడిట్‌ను ప్లూమా అనీ, ఎవిన్స్‌ను అట్రిల్ అనీ, మెటాసిటీని మార్కో అనీ పేర్లు మార్చారు. కేడీఈ 3 వారసత్వాన్ని నిలిపిన ట్రినిటీ బృందం మరో దారి పట్టి, తమ ఫైళ్ళన్నిటినీ ఆప్ట్ ట్రినిటీ అనే ప్రత్యేక డైరెక్టరీలోకి మార్చింది. (ఇది ఓ, పీ, టీ అక్షరాల ఆప్ట్, ప్యాకేజీలను దించే ఏ, పీ, టీ ఆప్ట్ వేరు. తెలుగులో రాస్తే రెండూ ఒకటిగానే కనబడడం మన లిపి చేసిన చిన్న చిక్కు.)

ప్రతి డెబియన్ ప్యాకేజీలోనూ దాని సంబంధ బాంధవ్యాల చిట్టా ఒకటి ఉంటుంది. డిపెండ్స్ అంటే ఇది లేనిదే నేను పనిచేయను అని అర్థం. కాన్‌ఫ్లిక్ట్స్ అంటే ఇద్దరం ఒకే యంత్రంలో ఉండలేము అని. బ్రేక్స్ అంటే నేను వస్తే ఫలానా ప్యాకేజీ పాత వెర్షను పాడవుతుంది, ముందు దానిని కొత్తది చేయండి అని. రిప్లేసెస్ అంటే ఆ ప్యాకేజీ ఫైళ్ళపై నా ఫైళ్ళు రాసుకోవడానికి హక్కు ఉంది అని. ప్రొవైడ్స్ అంటే ఆ పేరుతో ఎవరైనా అడిగితే నన్ను చూపండి అని. ఆప్ట్ ఈ చిట్టాలన్నిటినీ లెక్కగట్టి, అందరికీ పొసగే ఒక అమరికను వెతుకుతుంది. అటువంటి అమరిక దొరకనప్పుడు వచ్చేదే ‘అన్‌మెట్ డిపెండెన్సీస్’ అనే సందేశం. దాని వెంట వచ్చే ‘యూ హ్యావ్ హెల్డ్ బ్రోకెన్ ప్యాకేజెస్’ అనే వాక్యం చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. వాడుకరి ఏ ప్యాకేజీనీ కదలకుండా కట్టివేయకపోయినా ఆ వాక్యం వస్తుంది. నిజంగా కట్టివేసినవి ఉన్నాయా అన్నది ‘ఆప్ట్-మార్క్ షోహోల్డ్’ అనే ఆదేశంతో తేలుతుంది. జాబితా ఖాళీగా వస్తే కారణం వేరే చోట ఉన్నట్టు.

ఆ వేరే చోటు సాధారణంగా బయటి ఖజానా. డెబియన్ వారివి కాని ప్యాకేజీ మూలాలను, కొత్త వీడియో ప్లేయరు కోసమో ప్రింటరు డ్రైవరు కోసమో, ఎప్పుడో చేర్చి మరచిపోయి ఉంటాము. ఇక్కడ వెర్షన్ల సంఖ్యలను పోల్చే పద్ధతి తెలిసి ఉండాలి. ట్రిక్సీలోని ప్లాస్మా డెస్క్‌టాప్ ప్యాకేజీ సంఖ్య 4:6.3.6తో మొదలవుతుంది. కోలన్‌కు ముందున్న 4ను ఈపాక్ అంటారు. పోలికలో మొదట చూసేది దానినే. మిగిలిన సంఖ్యలు ఆ తరువాతే. కనుక ఒక బయటి ఖజానావారు తమ లైబ్రరీకి పెద్ద ఈపాక్ పెట్టుకుంటే, లోపలి వెర్షను ఎంత పాతదైనా, డెబియన్ 13 లోని లైబ్రరీ దాని ముందు చిన్నదే అవుతుంది. ఆప్ట్ తనంతట తాను వెనుకటి వెర్షనుకు దిగదు. ఆ ఒక్క లైబ్రరీ కదలక, దానితో ముడిపడిన పదులకొద్దీ ప్యాకేజీలు నిలిచిపోతాయి. దీనికి విరుద్ధంగా డెబియన్ వారి అధికారిక బ్యాక్‌పోర్ట్స్ ప్యాకేజీల సంఖ్యలో ‘~’ అనే అలగుర్తు ఉంటుంది. అది వెర్షనును కావాలనే ఒక మెట్టు తగ్గిస్తుంది కనుక, తరువాతి విడుదల వచ్చినప్పుడు అవి మారుమాట్లాడక మారిపోతాయి.

‘ఆప్ట్ పాలసీ’ అని రాసి ప్యాకేజీ పేరు ఇస్తే, ప్రస్తుతం ఉన్న వెర్షనూ, ఏయే ఖజానాలో ఏ వెర్షను ఉన్నదీ, ఆప్ట్ దేనిని ఎంచుకున్నదీ కనబడతాయి. పేచీ పడిన ప్రతిసారీ మొదట చేయవలసిన పని ఇదే. బయటి వెర్షను అడ్డుపడుతున్నట్టు తేలితే, ఆ ఖజానాను మూలాల జాబితా నుండి తీసివేసి, ‘ఆప్ట్ ఇన్‌స్టాల్’ ఆదేశంలో ప్యాకేజీ పేరు వెంట సమాన గుర్తు, కావలసిన డెబియన్ వెర్షను సంఖ్య ఇచ్చి వెనుకకు తీసుకురావచ్చు. అప్‌గ్రేడుకు ముందే ఈ పని ముగిస్తే సగం బాధ తప్పుతుంది.

ఇక అసలు క్రమం. ముందు సొంత ఫైళ్ళకు మరో డిస్కులో ప్రతి తీసుకోవాలి. తరువాత పన్నెండవ విడుదలలోని చివరి మార్పులన్నీ పూర్తిచేసి, ‘డీపీకేజీ --ఆడిట్’ ఏమీ చూపడం లేదని రూఢి చేసుకోవాలి. బూట్ విభాగం వేరుగా ఉన్నవారు అందులో సుమారు 300 ఎంబీ ఖాళీ ఉండేట్టు చూసుకోవాలి. మూలాల జాబితాలో బుక్‌వర్మ్ అన్న ప్రతిచోటా ట్రిక్సీ అని మార్చాలి; సగం పాతవి సగం కొత్తవి మిగిలితే అదే కొత్త పేచీలకు విత్తనం. ఆ తరువాత ‘ఆప్ట్ అప్‌డేట్’, దాని వెంట ‘ఆప్ట్ అప్‌గ్రేడ్ --వితౌట్-న్యూ-పీకేజీఎస్’. ఈ రెండవ ఆదేశం దేనినీ తొలగించదు, కొత్తది చేర్చదు. ఇబ్బంది లేకుండా మారగలవాటిని మాత్రమే మారుస్తుంది. చివరగా ‘ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్’. అవసరమైతే తొలగించే అధికారం దీనికి ఉంది కనుక, ముందుగా ‘-ఎస్’ చేర్చి ఉత్తుత్తిగా నడిపి చూడడం మంచిది. ఒక మినహాయింపు: 32 బిట్ల ఐ386 వ్యవస్థను నడుపుతున్న పాత యంత్రాలకు డెబియన్ 13లో కెర్నెల్ లేదు. వాటిని అప్‌గ్రేడ్ చేయవద్దని డెబియన్ వారే చెప్పారు.

తొలగింపు జాబితాను చదవడం ఈ మొత్తం పనిలో కీలకమైన నైపుణ్యం. ట్రిక్సీకి మారేటప్పుడు ఆ జాబితా భయపెట్టేంత పొడుగ్గా వస్తుంది. కారణం 2038 సమస్య. కాలాన్ని 32 బిట్లలో లెక్కించే వ్యవస్థలలో 2038 జనవరి 19న ఆ లెక్క పొంగిపోతుంది. దానిని నివారించడానికి డెబియన్ 2024లో లెక్కను 64 బిట్లకు మార్చి, ప్రభావితమైన లైబ్రరీ ప్యాకేజీల పేర్ల చివర ‘టీ64’ చేర్చింది. 64 బిట్ల యంత్రాలలో లెక్క మునుపే సరిగా ఉన్నా, ఏకరూపత కోసం అక్కడా పేర్లు మారాయి. కాబట్టి ‘లిబ్‌గ్లిబ్2.0-0’ తొలగింపు జాబితాలో కనబడితే కంగారు పడనక్కరలేదు. చేరే జాబితాలో ‘లిబ్‌గ్లిబ్2.0-0టీ64’ ఉండి తీరుతుంది. అది పేరు మార్పే కాని పోగొట్టుకోవడం కాదు. అలాగే కేడీఈ ఐదవ తరం లైబ్రరీలు పోయి ఆరవ తరంవి రావడం సహజం.

కాని జాబితాలో ప్లాస్మా-డెస్క్‌టాప్, ఎస్‌డీడీఎం, క్విన్, నెట్‌వర్క్-మేనేజర్ వంటి పేర్లు, వాటికి బదులు ఏదీ రాకుండా, కనబడితే అక్కడే ఆగి, ‘ఎన్’ నొక్కాలి. 2021లో యూట్యూబ్ వ్యాఖ్యాత లైనస్ సెబాస్టియన్‌కు జరిగినది ఇందుకు చక్కని ఉదాహరణ. పాప్ ఓఎస్‌లో స్టీమ్ అనే ఆటల ప్రోగ్రామును చేర్చబోగా, ప్యాకేజీల అమరికలోని లోపం వల్ల ఆప్ట్ డెస్క్‌టాప్‌నే తొలగించబోతున్నట్టు హెచ్చరించింది. ఆయన హెచ్చరిక దాటి, అడిగిన వాక్యాన్ని పూర్తిగా టైపు చేసి మరీ ముందుకు సాగారు. డెస్క్‌టాప్ పోయింది. ఆయనను వేలెత్తి చూపినవారే ఎక్కువ కాని, అక్షరాల వరద నడుమ ఒక హెచ్చరికను గుర్తించడం కొత్తవారికి సులభం కాదన్నది కూడా నిజం. అటుపిమ్మట ఆప్ట్ రచయితలు, అత్యవసర ప్యాకేజీల తొలగింపును అంత తేలికగా జరగనీయకుండా మార్పు చేశారు.

మరో రకం పేచీలో ఆప్ట్ ఒప్పుకుంటుంది, అడుగున ఉన్న డీపీకేజీ ఒప్పుకోదు. ‘ట్రయింగ్ టు ఓవర్‌రైట్’ అంటూ ఒక ఫైలు పేరునూ, అది ఇప్పటికే ఉన్న ప్యాకేజీ పేరునూ చూపి ఆగుతుంది. రెండు ప్యాకేజీలు ఒకే ఫైలు తమదంటున్నాయన్నమాట. అడ్డుపడుతున్న పాత ప్యాకేజీ అనవసరమైనదైతే దానిని తొలగించి, ‘ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్’ నడిపితే చాలు. బలవంతంగా పైన రాయించే ‘--ఫోర్స్-ఓవర్‌రైట్’ను చాలా చోట్ల మొదటి మందుగా సూచిస్తారు. ఈ రచయిత దృష్టిలో అది ఆఖరి మందు. ఆ ఫైలు ఏమిటో తెలిసినప్పుడు మాత్రమే వాడదగినది.

అన్నీ చూసుకున్నా ఒక్కోసారి మధ్యలో కరెంటు పోతుంది, లేదా యంత్రం తిరిగి మొదలై నల్లని తెర మిగులుతుంది. ఇక్కడే చాలామంది డిస్కు చెరిపి మొదటి నుండి వేసుకుంటారు. ఏళ్ళ తరబడి దాచుకున్న పత్రాలు, ఫోటోలు పోయేది ఈ తొందరలోనే. డెస్క్‌టాప్ ప్యాకేజీలు పోయినా హోమ్ డైరెక్టరీలోని సొంత ఫైళ్ళను ఆప్ట్ ముట్టుకోదు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలను కలిపి నొక్కితే అక్షరాల తెర వస్తుంది. అక్కడ ప్రవేశించి, ‘డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ’తో సగంలో ఆగినవాటిని పూర్తిచేసి, తరువాత ఫిక్స్-బ్రోకెన్ ఆదేశం, ఆపై మరోసారి ఫుల్-అప్‌గ్రేడ్ నడపాలి. డెస్క్‌టాప్ తొలగిపోయి ఉంటే ‘ఆప్ట్ ఇన్‌స్టాల్ కేడీఈ-ప్లాస్మా-డెస్క్‌టాప్’ దానిని తిరిగి తెస్తుంది. ఏవి తొలగాయో గుర్తులేకపోతే, వార్ డైరెక్టరీలోని లాగ్‌లో, ఆప్ట్ అనే అరలో హిస్టరీ లాగ్ అనే ఫైలుంటుంది. ఏ రోజు ఏ ఆదేశంతో ఏ ప్యాకేజీ వచ్చిందీ పోయిందీ అందులో వరుసగా రాసి ఉంటుంది.

అప్‌గ్రేడ్ ముగిశాక ‘ఆప్ట్ ఆటోరిమూవ్’ అనడానికి ముందు మరొకసారి జాబితా చదవాలి. కేడీఈ-స్టాండర్డ్ వంటివి లోపల ఏమీ లేని మూట ప్యాకేజీలు. ఏదో ఒక ప్రోగ్రాము వద్దని తీసివేసినప్పుడు ఆ మూట కూడా పోతే, మిగిలినవన్నీ దిక్కులేనివిగా లెక్కకు వచ్చి తొలగింపుకు సిద్ధమవుతాయి. ఉంచదలచినవాటిని ‘ఆప్ట్-మార్క్ మాన్యువల్’తో గుర్తుపెట్టాలి. ఒక ప్యాకేజీ అసలెందుకు వచ్చిందో ‘ఆప్టిట్యూడ్ వై’ చెబుతుంది.

ప్యాకేజీలన్నీ సరిగా ఉండి కూడా పట్టీ కనబడకపోవడం, పాత విడ్జెట్లు తెరుచుకోకపోవడం జరిగితే అది ప్యాకేజీల పేచీ కాదు. ప్లాస్మా 5 కోసం రాసిన విడ్జెట్లు ఆరవ తరానికి మార్చి రాస్తే తప్ప పనిచేయవు. కొత్త వాడుకరి ఖాతా తెరిచి ప్రవేశించి చూస్తే, లోపం వ్యవస్థదో పాత అమరికలదో తెలిసిపోతుంది.

తెలుగు, కన్నడం, తమిళం రెండేసి లిపులలో టైపు చేసుకొనేవారు చివరగా ఒకటి సరిచూసుకోవాలి. ప్లాస్మా 6లో వేలాండ్ పద్ధతే సహజ ఎంపిక. ఐబస్ ద్వారా టైపు చేసేవారికి అక్షరాలు పడకపోతే, సిస్టమ్ సెట్టింగ్స్‌లోని వర్చువల్ కీబోర్డు అనే పుటలో ఐబస్ వేలాండ్‌ను ఎంచుకొని, ఒకసారి నిష్క్రమించి మళ్ళీ ప్రవేశించాలి. ఐబస్ లేకుండా కీబోర్డు అమరికల జాబితా నుండే నేరుగా తెలుగును ఎంచుకున్నవారికి ఈ ఇబ్బంది రాదు.