తెర లేవకముందు: భారతీయ వైజ్ఞానిక చిత్రాల నిరీక్షణ చరిత్ర

చలనచిత్రానికి రెండు జీవితాలు ఉంటాయి. విడుదలైన నాటి నుండి మొదలయ్యే జీవితాన్ని విమర్శకులు, చరిత్రకారులు నమోదు చేస్తారు. ప్రకటన వెలువడిన నాటి నుండి తెర లేచే వరకు ప్రేక్షకుల ఊహలో సాగే మరొక జీవితం ఉంది. దాని సంగతి ఎవరూ అంతగా పట్టించుకోరు. పౌరాణిక చిత్రమైతే కథ అందరికీ తెలిసినదే. ఎలా చూపుతారన్నది ఒక్కటే ప్రేక్షకుని కుతూహలం. వైజ్ఞానిక కల్పన విషయంలో ఏమి చూపుతారో, ఎలా చూపుతారో రెండూ తెలియవు. లేని లోకాన్ని నిర్మించడానికి వ్యయమూ కాలమూ అధికంగా కావాలి. అందుచేత నిరీక్షణ కూడా దీర్ఘమవుతుంది. మన దేశంలో ఈ నిరీక్షణకు అరవై ఏండ్లకు పైబడిన చరిత్ర ఉంది. అందులో ఒక విషాదం, ఒక సఫలత, కొన్ని హెచ్చరికలు కనిపిస్తాయి.

భారతీయ ప్రేక్షకునికి ఇటువంటి చిత్రాలు ఆరంభంలో అరుదుగానే లభించాయి. సేలంలోని మోడరన్ థియేటర్స్ సంస్థ అమెరికన్ నిర్మాతలతో కలిసి 1952లో తీసిన ‘కాడు’లో అడవి మామత్ ఏనుగులు కనిపిస్తాయి. 1963 నాటి తమిళ చిత్రం ‘కలై అరసి’లో అన్యగ్రహవాసులు భూమికి వచ్చి ఒక గాయనిని తమ లోకానికి తీసుకుపోతారు. తెలుగులో ఆ కాలానికి వైజ్ఞానిక కల్పన అనదగిన సంప్రదాయం ఏర్పడలేదు. అయినా అద్భుతాన్ని నమ్మించే శిల్పం మాత్రం పరిపక్వమై ఉంది. 1957లో విడుదలైన ‘మాయాబజార్’లో దూరాన ఉన్న ప్రియమైనవారిని చూపే ప్రియదర్శిని పేటికను ప్రేక్షకులు ఏ వివరణా కోరకుండా అంగీకరించారు. ఆ చిత్రానికి కె.వి.రెడ్డి వద్ద సహాయకుడుగా పనిచేసిన యువకుడు సింగీతం శ్రీనివాసరావు. ఈ పేరు మన కథలో మరి రెండుసార్లు రానున్నది.

నిరీక్షణ చరిత్రలో మొదటి గొప్ప అధ్యాయం మాత్రం కలకత్తాలో మొదలవుతుంది. సత్యజిత్ రాయ్ తాతగారు ఉపేంద్రకిశోర్ 1913లో స్థాపించిన ‘సందేశ్’ బాలల పత్రికను రాయ్, సుభాష్ ముఖోపాధ్యాయ 1961లో పునరుద్ధరించారు. 1962లో రాయ్ అందులో ‘బంకుబాబుర్ బంధు’ అనే కథ రాశారు. అందరి చేత పరిహాసానికి గురయ్యే ఒక సాధువైన గ్రామ ఉపాధ్యాయునికి అన్యగ్రహవాసి ఎదురుపడటం ఆ కథావస్తువు. ఆ బీజం నుండే ‘ది ఏలియన్’ అనే చిత్ర సంకల్పం ఎదిగింది. బెంగాలులోని ఒక గ్రామంలో తామరలు నిండిన చెరువులో అంతరిక్ష నౌక దిగుతుంది. అందులోని చిన్ని జీవి హాబా అనే పేదబాలునితో చెలిమి చేస్తుంది; పొలాన్ని ఒక్క రాత్రిలో పండిస్తుంది, మామిడిచెట్టుకు అకాలంలో కాయలు కాయిస్తుంది. నీటిపై నిలిచిన నౌక శిఖరాన్ని మునిగిన దేవాలయంగా భావించి పుణ్యక్షేత్రంగా మార్చదలచిన బజోరియా అనే వ్యాపారి, గొట్టపుబావులు తవ్వించే అమెరికన్ ఇంజనీరు, ఒక పాత్రికేయుడు కథలోని ఇతర పాత్రలు. అన్యగ్రహవాసి అంటే దండయాత్ర అని భావించే కాలంలో దానిని స్నేహితునిగా ఊహించడం రాయ్ ప్రత్యేకత.

ఈ ఊహ అంతర్జాతీయ సంకల్పంగా మారిన తీరు విచిత్రం. 1956 నుండి సింహళంలో స్థిరపడిన రచయిత ఆర్థర్ సి. క్లార్క్‌తో రాయ్‌కు ఉత్తరప్రత్యుత్తరాలు ఉండేవి. స్టాన్లీ కుబ్రిక్ ‘2001: ఏ స్పేస్ ఒడిసీ’ నిర్మాణంలో ఉన్న రోజుల్లో లండన్‌లో క్లార్క్‌ను కలిసిన రాయ్ తన కథను వినిపించారు. క్లార్క్ ఆ సంగతిని కొలంబోలోని తన మిత్రుడు మైక్ విల్సన్‌కు చెప్పారు. 1962లో తొలి సింహళ వర్ణచిత్రం ‘రన్ ముత్తు దూవ’ను తీసినవాడు విల్సన్. ఆయన 1967లో కలకత్తాకు వచ్చి రాయ్ చేత చిత్రానువాదం రాయించారు. కొలంబియా పిక్చర్స్ సంస్థ ఆసక్తి చూపింది. బజోరియా పాత్రకు ప్రసిద్ధ నటుడు పీటర్ సెల్లర్స్ అంగీకరించాడు. పత్రికల్లో వార్తలు వెలువడ్డాయి. ‘పథేర్ పాంచాలీ’ దర్శకుడు అమెరికన్ సంస్థ ధనంతో అన్యగ్రహవాసి కథ తీయబోతున్నారన్న వార్త కలిగించిన ఆశ సామాన్యమైనది కాదు.

అయితే 1967 వేసవిలో హాలీవుడ్ వెళ్లిన రాయ్‌కు తన రచన ప్రతులు చేతులు మారుతున్న సంగతి తెలిసింది. వాటిపై హక్కుదారులుగా తన పేరుతో పాటు విల్సన్ పేరు కూడా ఉండటం చూసి ఆయన నివ్వెరపోయారు. 1968లో సెల్లర్స్ తప్పుకొన్నాడు. విల్సన్‌తో సంబంధం తెంచుకొనాలన్న సంస్థ సూచన, ఆపై జరిగిన సంప్రదింపులు ఏవీ ఫలించలేదు. తరువాతి కాలంలో విల్సన్ సన్యసించి స్వామి శివ కల్కి అయ్యారు. ఈ అనుభవమంతా రాయ్ 1980 అక్టోబరులో స్టేట్స్‌మన్ పత్రికలో వివరంగా రాశారు. 1982లో అమెరికాలో ‘ఈ.టి.’ విడుదలైనప్పుడు రెండింటి మధ్య పోలికలున్నాయని క్లార్క్ స్వయంగా రాయ్‌కు తెలియజేశారు. తన చిత్రానికి ఆ రచనతో సంబంధం లేదని దర్శకుడు స్పీల్‌బర్గ్ తోసిపుచ్చారు. ఈ వివాదంలో తీర్పు చెప్పడం మన పని కాదు. ఒక్క సంగతి మాత్రం నిర్వివాదం. రాయ్ 1992లో కన్నుమూసే నాటికి, ప్రపంచం ఎదురుచూసిన ఆ చిత్రం కాగితం మీదనే మిగిలిపోయింది. ఊహ ఒకరిది, దాని ప్రతులపై అధికారం మరొకరిది అయినప్పుడు నిరీక్షణ ఎంత సులభంగా శూన్యమవుతుందో చెప్పడానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ లేదు.

ఇక సఫలత విషయానికి వస్తే అది తెలుగునాట జరిగింది. కళాశాల రోజుల్లో చదివిన హెచ్.జి.వెల్స్ నవల ‘ది టైమ్ మెషీన్’ సింగీతం శ్రీనివాసరావు మనస్సులో చాలాకాలం నిలిచిపోయింది. 1991 జూలై 18న విడుదలైన ‘ఆదిత్య 369’ దాని ఫలం. ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం సమర్పించిన ఈ చిత్రానికి శివలెంక కృష్ణప్రసాద్ నిర్మాత, బాలకృష్ణ కథానాయకుడు, ఇళయరాజా సంగీత దర్శకుడు. కాలయంత్రం అనే భావం ఆనాటి సామాన్య ప్రేక్షకునికి కొత్తది. ఆ కొత్తదనం భారమై చిత్రానికి దూరం చేయకుండా సింగీతం ఒక మార్గం కనుగొన్నారు. యంత్రం మొదట ప్రయాణించేది 1526కు, శ్రీకృష్ణదేవరాయల విజయనగరానికి. తెనాలి రామకృష్ణుడు ఎదురుపడితే తెలుగు ప్రేక్షకునికి పరిచయం అవసరం లేదు. ఆ నమ్మకం కుదిరిన తరువాతనే కథ 2504కు, అణుయుద్ధానంతరం మనుష్యులు భూగర్భంలో తలదాచుకొన్న కాలానికి సాగుతుంది. ప్రేక్షకుడు ఎరిగిన గతం మీదుగా ఎరుగని భవిష్యత్తులోకి నడిపించడం ఇందలి యుక్తి.

ఆనాటి నిరీక్షణ స్వభావం కూడా గమనార్హం. వాల్‌పోస్టరు, వారపత్రికలోని ఛాయాచిత్రం, చిత్రానికి ముందే విపణికి వచ్చే పాటల క్యాసెట్టు, ఊళ్లలో మైకు కట్టుకొని తిరిగే బండి, అది విసిరే కరపత్రం ప్రధాన సాధనాలు. వాటి ద్వారా అందే సమాచారం స్వల్పం. ఒక పేరు, దాని పక్కన ఒక అంకె! ఆ 369 ఏమిటన్న ప్రశ్నకు సమాధానాన్ని ప్రేక్షకుడే ఊహించుకొనేవాడు. సమాచారం తక్కువైన చోట కల్పన ఎక్కువగా పనిచేసింది.

తదుపరి దశాబ్దాలలో ఈ పరిస్థితి తలక్రిందులైంది. దర్శకుడు శంకర్ మరమనిషి కథను 2001 ప్రాంతంలో కమల్‌హాసన్‌తో తీయదలచారు, అది సాగలేదు. రజనీకాంత్‌తో ‘ఎందిరన్’గా, తెలుగులో ‘రోబో’గా 2010 అక్టోబరు 1న తెరకెక్కింది. ఆ చిత్ర రచనలో పాలుపంచుకొన్న సుజాత 2008లోనే మరణించడంతో దానిని చూడలేకపోయారు. దాని తరువాయి ‘2.0’ మొదట 2017 దీపావళికి, ఆపై 2018 జనవరికి అని ప్రకటితమై, చివరకు 2018 నవంబరు 29న వెలువడింది. దృశ్యమాయలను కంప్యూటర్లపై రూపొందించే పని ఎంత కాలం తీసుకొంటుందో ముందుగా లెక్కకట్టడం కష్టమని ఈ వాయిదాలు రుజువు చేశాయి.

ఈ పరిణామానికి పతాకస్థాయి ‘కల్కి 2898 ఏడీ’. నాగ్ అశ్విన్ దర్శకత్వంలో వైజయంతీ మూవీస్ సంస్థ 2020లో ప్రకటించిన ఈ చిత్రానికి మార్గదర్శకుడుగా సింగీతం శ్రీనివాసరావును ఆహ్వానించారు. ప్రియదర్శిని పేటిక నుండి కాలయంత్రం మీదుగా సాగిన పరంపర ఆ విధంగా మూడవ తరాన్ని అందుకొంది. 2023 జూలైలో అమెరికాలోని శాన్‌డియాగో కామిక్ కాన్ వేదికపై చిత్ర నామాన్ని వెల్లడించారు. విడుదల 2024 జనవరి 12 నుండి మే 9కి, సార్వత్రిక ఎన్నికల నేపథ్యంలో జూన్ 27కు జరిగింది. వ్యయం ఆరువందల కోట్ల రూపాయలని పత్రికలు రాశాయి. మే నెలలో హైదరాబాద్ శివార్లలోని రామోజీ ఫిల్మ్ సిటీలో ‘బుజ్జి’ అనే భారీ వాహనాన్ని ప్రజలకు చూపారు. చిత్రానికి పూర్వకథగా యానిమేషన్ భాగాలను కూడా ముందే విడుదల చేశారు. నిరీక్షణ ఇక చిత్రానికి అనుబంధం కాదు, స్వయంగా ఒక నిర్మాణం.

ఆ ఆర్భాటం మధ్య కుతూహలం రేపినది ఒక కాలగణన. చిత్రకథ క్రీ.పూ. 3102లో మొదలై క్రీ.శ. 2898లో ముగుస్తుందని, అది ఆరు వేల ఏండ్ల ప్రయాణమని దర్శకుడు వివరించారు. సంప్రదాయం కలియుగారంభంగా చెప్పే సంవత్సరమే మొదటిది. ఉగాది పంచాంగంలో కల్యబ్దం లెక్క చూసే తెలుగువారికి ఈ అంకె అపరిచితం కాదు. పురాణాలు కలియుగ ప్రమాణాన్ని 4,32,000 సంవత్సరాలుగా చెబుతాయి గనుక చిత్రం తీసుకొన్న స్వేచ్ఛ కూడా స్పష్టమే. అయినా ‘ఆదిత్య 369’ విజయనగరం నుండి బయలుదేరినట్లే ఇది కురుక్షేత్రం నుండి బయలుదేరింది. గతాన్ని తాకకుండా భవిష్యత్తును ఊహించడం మన ప్రేక్షకునికి ఇంకా సులభం కాలేదేమో అనిపిస్తుంది. దీనిని లోపంగానూ చూడవచ్చు, స్వీయముద్రగానూ చూడవచ్చు. రాయ్ మాత్రం పురాణమూ రాజచరిత్రా లేకుండా, తామరచెరువు గల ఒక గ్రామాన్ని ఆధారం చేసుకొన్నారు. ఆ మూడవ మార్గంలో నడిచే భారీ చిత్రం కోసం మనం నేటికీ ఎదురుచూడవలసే ఉంది.

ఈ చరిత్రకు పాలనాపరమైన పార్శ్వాలు రెండున్నాయి. మొదటిది ధర. ‘కల్కి’ విడుదల సమయంలో ఉభయ తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు పరిమిత దినాలపాటు టికెట్టు ధర పెంపునకు అనుమతి ఇచ్చాయి. భారీ వ్యయాన్ని రాబట్టుకొనే అవకాశం నిర్మాతకు కావాలి, నిజమే. కాని ఏండ్ల తరబడి పెరిగిన నిరీక్షణకు అధిక మూల్యం చెల్లించేది మొదటి వారం వచ్చే ప్రేక్షకుడు. తరచుగా అతడు విద్యార్థి, దినసరి కార్మికుడు. వ్యయం పెరిగిన కొద్దీ ఈ ప్రశ్న మరింత తీవ్రంగా ఎదురు కాకమానదు.

రెండవది పరిరక్షణ. 1964లో పూనాలో ఏర్పడి 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమైన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ చిత్రాలతో పాటు పోస్టర్లను, పాటల పుస్తకాలను సేకరిస్తూ వచ్చింది. అయినా అచ్చయిన ప్రతి గ్రంథాన్నీ గ్రంథాలయాలకు సమర్పించాలని 1954 నాటి చట్టం విధించినట్లు, చిత్రాల ప్రచార సామగ్రిని సమర్పించాలని విధించే చట్టం లేదు. పాత వాల్‌పోస్టరు మీద కొత్తది అతికించడం మన వీధుల ఆచారం. నేటి ప్రచారచిత్రాలు గోడల మీద కూడా ఉండవు. సర్వర్ల నుండి తొలగిస్తే జాడ మిగలదు. ‘ఆదిత్య 369’ 2025 ఏప్రిల్‌లో మెరుగుపరచిన ప్రతితో మళ్లీ తెరకెక్కి కొత్త తరాన్ని చేరగలిగింది. ఆ చిత్రం కోసం 1991లో జనం ఏమి ఊహించారో చెప్పే కరపత్రాలకు అటువంటి పునర్జన్మ అంత సులభం కాదు.

‘ది ఏలియన్’ గురించి నేడు మనం ఇంత వివరంగా మాట్లాడుకోగలగడానికి కారణం రాయ్ రచన, లేఖలు, స్వీయకథనం కాగితాలుగా నిలవడమే. తీయని చిత్రానికి కూడా చరిత్ర దక్కింది. తీసిన చిత్రాల వెనుకనున్న ఆశలకు ఆ మాత్రం స్థానం కల్పించడం సాంస్కృతిక సంస్థలకు అసాధ్యమైన కార్యమేమీ కాదు. ఒక జాతి ఏ కాలంలో ఎటువంటి భవిష్యత్తును కోరుకొన్నదో తెలుసుకొనడానికి ఆ కరపత్రాల కంటె, ఆ ప్రచారచిత్రాల కంటె సూటియైన సాక్ష్యం రేపటి చరిత్రకారునికి సులభంగా దొరకదు.