జిస్ట్ కణితులు: స్కానింగ్‌లో అసాధారణ రూపాలు, పరిమాణంతో పొరపాట్లు

జీర్ణాశయం, పేగుల్లో ఏర్పడే కణితులన్నీ ఒకే రకానికి చెందినవి కావు. సాధారణ క్యాన్సర్ లోపలి పొరలో మొదలవుతుంది. గ్యాస్ట్రో ఇంటెస్టైనల్ స్ట్రోమల్ ట్యూమర్, అంటే ‘జిస్ట్’, గోడ కండరంలో ఉండి పేగు కదలికలను నియంత్రించే కజాల్ కణాలకు సంబంధించినది. వీటిలో కిట్ జన్యువు మార్పులను జపాన్ పరిశోధకులు 1998లో వెల్లడించారు. ఆ మార్పుపై పనిచేసే ఇమాటినిబ్ మాత్రకు 2002లో అమెరికాలో అనుమతి లభించింది.

సాధారణ రూపం

జిస్ట్‌లలో సుమారు 60 శాతం జీర్ణాశయంలో, 30 శాతం చిన్నపేగులో కనిపిస్తాయి. కాంట్రాస్ట్ ఇచ్చి తీసిన సీటీ స్కాన్‌లో ఇవి ఎక్కువగా గోడ నుంచి బయటికి పెరిగిన, అంచులు స్పష్టంగా ఉన్న గడ్డలుగా కనిపిస్తాయి. పక్కనున్న లింఫ్ గ్రంథులు సాధారణంగా ఉబ్బవు.

అసాధారణ రూపాలు

కొన్ని జిస్ట్‌లు నీటితిత్తిలా మారి క్లోమగ్రంథి తిత్తులను తలపిస్తాయి. పురీషనాళంలో ఏర్పడినవి పురుషుల్లో ప్రోస్టేట్, స్త్రీలలో గర్భాశయ గడ్డలుగా పొరబడేందుకు ఆస్కారముంది. ఇక్కడ ఎంఆర్ఐ ఉపకరిస్తుంది. యువతలో ఎక్కువగా కనిపించే ఎస్‌డీహెచ్ లోపపు జిస్ట్‌లో లింఫ్ గ్రంథులు కూడా ఉబ్బవచ్చు. కణితి ఏ పొర నుంచి వచ్చిందో ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ చూపుతుంది. గడ్డ చిట్లితే కణాలు ఉదరకుహరంలో వ్యాపించే ప్రమాదమున్నందున, వీలైన చోట్ల నమూనాను ఎండోస్కోపీ ద్వారానే తీస్తారు. తుది నిర్ధారణ సీడీ117, డాగ్1 పరీక్షలతో జరుగుతుంది.

పరిమాణం ఒక్కటే కొలమానం కాదు

ఇమాటినిబ్ పనిచేస్తున్నా, లోపలి రక్తస్రావం లేదా వాపు వల్ల గడ్డ తొలుత పెరిగినట్లు కనిపించవచ్చు. అంతకుముందు కనిపించని కాలేయ మచ్చలు నల్లగా బయటపడి, కొత్తవన్న భ్రమ కలిగించవచ్చు. అందుకే 2007లో ప్రచురితమైన ‘చోయ్’ ప్రమాణాలు పరిమాణంలో 10 శాతం లేదా సీటీ సాంద్రతలో 15 శాతం తగ్గుదలను ఔషధ స్పందనగా పరిగణిస్తాయి. తగ్గిన గడ్డలోనే మెరిసే చిన్న ముద్ద కొత్తగా కనిపిస్తే, అది వ్యాధి తిరగబెట్టిన సూచన కావచ్చు. పరిమాణాన్ని మాత్రమే చూస్తే పనిచేస్తున్న మందును ఆపే ప్రమాదం, తిరగబెట్టిన వ్యాధిని గుర్తించని ప్రమాదం రెండూ ఉన్నాయి.

రోగులకు సూచన

పాత స్కాన్‌తో పోల్చకుండా ఈ తేడాలు తెలియవు. పుదుచ్చేరిలోని జిప్మర్‌కు అదే పట్టణంలోని ముదలియార్‌పేట నుంచి వెళ్లినా, వందల కిలోమీటర్ల దూరంలోని యానాం నుంచి వెళ్లినా, రిపోర్టు కాగితాలతో పాటు పాత, కొత్త స్కాన్ చిత్రాల సీడీలను వెంట తీసుకెళ్లడం అవసరం.